మన్నింపు ముప్ఫై ఎనిమిది

నాకు తెలిసినంతలో మా వదిన కంప్యూటర్ మీద చివరిగా చేసిన పని మౌసు నాలుగుసార్లు నొక్కడం.

ఆదివారం సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, బల్ల మీదున్న కాఫీ కప్పులు చూపించి, "ఇవి కడిగి బోర్లించు అమ్మాయ్, ఈలోపు నేను విమానాన్ని పడుకోబెట్టి వస్తా" అంది. వంటింట్లో కుళాయి తిప్పాను. నీళ్ల చప్పుడులోంచి టిక్కు, టిక్కు, కాసేపాగి మళ్లీ రెండు టిక్కులు వినిపించాయి. నేను వచ్చేసరికి పాత దిండు గలీబొకటి విమానం చుక్కాని మీద కప్పుతోంది. గుమ్మం దాకా వచ్చి, "వచ్చేవారం కళ్లజోడు మర్చిపోకు. ఎత్తులు తప్పు చదివి నన్ను కొండకి గుద్దిస్తున్నావు" అని దెప్పింది.

మర్నాడు పొద్దున పనికి బయల్దేరుతూ, ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోదాని కోసం వంగి, అదే గుమ్మంలో కూలిపోయింది. గుండె ఆగిందన్నారు. ఆమెకి యాభై మూడేళ్లు.

మా వదిన పళ్లు కట్టేది. పళ్ల డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, అందులో సుద్ద పోసి, మైనంతో చిగుళ్లు దిద్ది, ఒక్కొక్క పన్నే పేర్చి కట్టుడుపళ్లు తయారుచేసే చోట ఆమె ఉద్యోగం. పెళ్లికి ముందునుంచీ అదే పని. మనుషుల్ని ముఖం చూసి కాదు, పళ్లు చూసి గుర్తుపట్టేది. ఆమెతో బజారుకి వెళ్తే మధ్యలో నా మోచెయ్యి గిల్లి, "ఆ పూలకొట్టు ఆయన నవ్వు చూశావా? పై వరస నాదే" అని చెప్పేది. నేను నవ్వితే మాత్రం, "నువ్వు నవ్వకు. ఆ ఎడమ కోరపన్ను చూస్తే ఆకురాయి తీసుకోవాలనిపిస్తుంది" అనేది.

ఆమె పనిబల్ల పక్కన ఒక కిటికీ ఉండేది. దూరంగా విమానాశ్రయం ప్రహరీ, దాని వెనక రన్‌వేలో సగం కనిపించేవి. మిగతా సగానికి ఒక గోదాము అడ్డం. అందువల్ల అన్నేళ్లూ ఆమె విమానాలు లేవడమే చూసింది గాని, ఒక్కటి దిగడం చూడలేదు. దిగేవి గోదాము వెనక్కి వెళ్లి మాయమయ్యేవి. అన్నయ్య ఒకసారి, "అంత ముచ్చటైతే టికెట్ కొంటా, ఎక్కుదాం పద" అన్నాడు.

"ఎక్కి కూర్చుంటే ఏముందండీ, బస్సులో కూర్చున్నట్టే. నాకు దించాలని ఉంది" అంది వదిన.

అలా మొదలైంది. కంప్యూటర్లో విమానం నడిపే ప్రోగ్రాం ఒకటి వేయించుకుంది. కొన్నాళ్లు కీబోర్డు మీద నడిపింది. అది టైపు కొట్టినట్టుంది తప్ప నడిపినట్టు లేదంది. ఇంట్లో ఇస్త్రీకి వాడే చిన్న గది ఖాళీ చేయించి, తన విమానం తనే కట్టుకోవడం మొదలుపెట్టింది. చేత్తో పట్టుకునే సగం చక్రాన్ని చుక్కాని అనేది. అది ముందుకీ వెనక్కీ జరగడానికి పాత బీరువా సొరుగు పట్టాలు వాడింది. కాళ్ల కింద రెండు చెక్కపలకలకి తలుపు మడతబందులు బిగించింది. ఏది ఎంత కదిలిందో కంప్యూటరుకి చెప్పడానికి పాత రేడియోలలో సౌండు పెంచే బుడిపెల్ని విప్పి లోపల అమర్చింది. ఇంజను వేగం పెంచే మీటకి గులాబీరంగు పిడి పోసింది. దేంతోననుకున్నారు, చిగుళ్లకి వాడే ముద్దతో. ఇక బొత్తాలన్నీ పళ్లే. లైట్లకి ముందు పళ్లు, చక్రాలు దించేదానికి దవడపన్ను.

అన్నయ్య గుమ్మంలోంచి తొంగిచూసి, "ఈ గదిలోకి రావాలంటే భయంగా ఉందే. కరుస్తుందేమో" అన్నాడు.

"మీ జోలికి రాదులెండి. మీది తోలుమందం, దాని పళ్లు అరిగిపోతాయి."

నేను రెండు వీధుల అవతల ఉంటాను. ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతాను. ఆదివారం మధ్యాహ్నాలు అన్నయ్య ఇంటికి వెళ్లడం మొదట్నుంచీ అలవాటే. గదిలో రెండో కుర్చీ పడ్డాక అది నాకు రెండో ఉద్యోగమైంది.

విమానం మొదటిసారి నేలమీద కదిలిన రోజు బాగా గుర్తుంది. వదిన కుడికాలు నొక్కితే అది ఎడమకి తిరిగి గడ్డిలోకి పోయింది. ఎడమకాలు నొక్కితే కుడివైపు గడ్డిలోకి. తీగలు మార్చింది, మళ్లీ మార్చింది. మూడు ఆదివారాలు గడ్డి మేసింది ఆ విమానం. మూడోవారం పడిపోయిన పెన్ను కోసం నేను బల్ల కిందకి దూరాను. పలకల మీద ఆమె అంటించిన కాగితాలు అక్కడ చూశాను. ఎడమ పలక మీద 'కుడి' అని ఉంది.

"వదినా, ఈ కుడి ఎవరి కుడి?"

ఆమె కూడా వంగి చూసింది. కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో కూర్చోలేక నేలమీద కూలబడి నవ్వింది.

"ఎదుటివాడి కుడి అమ్మాయ్! నా బల్ల మీద నోరు తెరుచుకుని కూర్చున్న సుద్ద అచ్చువాడి కుడి! ఇన్నేళ్లూ కుడి అంటే వాడిదే. నాకూ ఒకటుందని మర్చేపోయా."

ఇక చుక్కానికి కొలతలు నేర్పే రోజొచ్చింది. కంప్యూటర్లో ఒక పట్టిక తెరిచి, ఒక గడి దగ్గర ఆగిపోయింది.

"ఇదేంటో డెడ్ జోన్ అట. చచ్చిన చోటు. విమానం నేర్చుకునేవాళ్లకి పెట్టాల్సిన పేరేనా ఇది?"

అదేమిటో ఇద్దరం చదివి తెలుసుకున్నాం. చుక్కాని మధ్యలో ఉన్నప్పుడు చెయ్యి కాస్త అటూ ఇటూ కదిలితే, విమానం పట్టించుకోకుండా ఊరుకుంటుంది. ఎంతవరకు ఊరుకోవాలో నూటికి ఇంతని మనం చెప్పాలి.

"నువ్వు మాటలు దిద్దేదానివి కదా, దీనికో మంచి మాట చెప్పు" అంది.

"మన్నింపు అను. చెయ్యి చేసిన చిన్న తప్పుని మన్నిస్తోందిగా."

వదిన ఆ మాటని నోట్లో వేసుకుని రుచి చూసినట్టు రెండుసార్లు పలికింది. కాగితం ముక్క మీద తనే రాసి తెర అంచుకి అంటించింది. 'మన్నింపు: 3.'

"మూడు చాలా?"

"పళ్లు చెక్కే చెయ్యి ఇది. మూడే ఎక్కువ."

కొన్ని నెలల్లో పెద్ద రన్‌వేల మీద దించడం పట్టుబడింది. దాంతో ఆమెకి తృప్తి లేకపోయింది. కొండల మధ్య ఒక బుల్లి రన్‌వే వెతికిపట్టుకుంది. ఈ కొసన లోయ, ఆ కొసన నిటారుగా కొండ. తప్పితే మళ్లీ పైకి లేవడానికి చోటుండదు. అక్కడ దింపాలి, తన చేత్తో దింపాలి, నేను పక్కన ఉండగా దింపాలి. ఇదీ ఆమె పంతం.

"కంప్యూటరే దించే మీట ఉందిగా, అది నొక్కెయ్" అన్నాను ఒకసారి.

"అది దించితే అది దిగినట్టు. నేను దిగినట్టా?"

"సరే, అన్నయ్య ముందు దించు. నేనెందుకు?"

"మీ అన్నయ్య చూసినా చూడనట్టే. బాగుంది బాగుంది అని కునుకు తీస్తారు. నీ కన్నయితే తప్పు వెతుకుతుంది. తప్పు లేకుండా దిగానని నువ్వు చెప్తేనే నేను నమ్ముతా."

రెండేళ్ల ఆదివారాలు అలా గడిచాయి. తెరమీద అంకెలు చూస్తూ నేను ఎత్తులు చదివేదాన్ని. ఎనిమిది వందలు, ఆరు వందలు, నాలుగు వందలు. ఆమె పెదవి బిగించి చుక్కాని పట్టుకునేది. లోయలో పడేవాళ్లం, కొండకి గుద్దుకునేవాళ్లం. "ఇవాళ్టికి పళ్లూడాయి వదినా" అనేదాన్ని. "ఊడితే ఏం, కట్టేదాన్ని నేనేగా" అనేది. రానురాను దగ్గరికి వస్తూ ఉన్నాం. ఒక వారం చక్రాలు రన్‌వేని తాకాయి కూడా. తాకి, ఎగిరి, పక్కకి ఒరిగాయి. ఆ రోజు ఇద్దరం అన్నయ్యని నిద్రలేపి మరీ చెప్పాం.

పోయినేడాది ఒక బుధవారం ప్రెస్సులో మిషను ఆగిపోయి మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశారు. ముందు చెప్పకుండా వదిన ఇంటికి వెళ్లాను. సెలవు పెట్టానంటూ తలుపు తీసి, ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదకి వెళ్లింది. విమానం ఆన్‌లోనే ఉంది. మొదటిసారి ఆమె కుర్చీలో కూర్చుని చుక్కాని పట్టుకున్నాను. కొంచెం తిప్పాను, విమానం కదల్లేదు. ఇంకొంచెం తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. బాగా తిప్పాక గాని రెక్క వాలలేదు.

వదిన బట్టలతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏంటి వదినా, ఇది ఇంత మొద్దుగా ఉంది? దీంతోనా నువ్వు నడిపేది? దించలేకపోతున్నావంటే దించలేవు మరి!"

"ముసలిదైంది, దానికీ చెవుడొచ్చింది" అని బట్టలు మంచం మీద పడేసింది. "లేచి కాఫీ పెట్టు పో. ఆడపడుచు గారు దిగబడ్డారుగా, మర్యాద ఎవరు చేస్తారు?"

"మర్యాద నాకు నేనే చేసుకోవాలా?"

"నా చేతి కాఫీకి నువ్వెప్పుడూ వంకే పెడతావుగా. పో."

కాఫీ తెచ్చేసరికి చుక్కాని పట్టుకుని చూడమంది. వేలు తగిలితే రెక్క వాలుతోంది.

"చూశావా, నీ కాఫీ వాసనకే లేచి కూర్చుంది."

ఆ తర్వాతి ఆదివారాల్లో ఆమె దించడం ఎందుకో పాడైంది. రన్‌వే ఎదురుగా కనిపించేదాకా వచ్చి, చివరి రెండు వందల అడుగుల్లో విమానం అటూ ఇటూ కొట్టుకునేది. "చుక్కాని అలా ఊపుతావేంటి? నిదానంగా పట్టుకో" అని కసిరేదాన్ని. "పెత్తనం మాని ఎత్తులు చదువు" అనేది. కాగితాలు చిరిగిపోయాయని కొత్తవి నాతో రాయించింది. నా రాత ముత్యాలంది. కప్పులు ఎప్పుడూ నేనే మోసేదాన్ని. నాకంటే పదేళ్లు పెద్దది, మోయించుకుంటోంది అనుకున్నాను.

ఆమె పోయిన నెలకి అన్నయ్య ఫోన్ చేశాడు. "ఆ గది వైపు వెళ్లలేకపోతున్నానే. నువ్వొచ్చి విప్పు."

వెళ్లేసరికి వదిన పనిముట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పనిచేసిన చోటునుంచి తెచ్చుకున్నాడట.

"వాళ్ల ఓనరు చెప్పాడు. రెండేళ్లుగా చెక్కే పని మానేసిందట. కుడి చెయ్యి వణుకుతోందని తనే చెప్పుకుందట. పళ్ల రంగు సరిచూసే పనిలో వేశారట. ఇంట్లో తెలియనివ్వొద్దందట." డబ్బా మూత తెరిచి మళ్లీ మూశాడు. "నీకు తెలుసా?"

"తెలీదు."

"రోజూ పక్కన కూర్చునే కదే భోంచేశాను" అన్నాడు.

ఇస్త్రీ గదిలోకి వెళ్లి దిండు గలీబు తీశాను. తీగలు ఊడదీసేముందు ఒకసారి ఆన్ చేశాను. చుక్కాని పట్టుకుంటే ఆ బుధవారంలాగే మొద్దుగా ఉంది. కొలతల పట్టిక తెరిచాను. అందులో ఆమె రెండు అమరికలు దాచుకుంది. ఒకదాని పేరు 'రోజూ'. మన్నింపు ముప్ఫై ఎనిమిది. రెండోదాని పేరు 'ఆదివారం'. మన్నింపు మూడు. రెండోదాన్ని తయారుచేసిన తేదీ, నేను మొద్దు అన్న ఆ బుధవారమే. చివరిసారి 'ఆదివారం' తీసి 'రోజూ' పెట్టింది ఆమె పోవడానికి ముందురోజు, సాయంత్రం ఐదూ నలభైకి. నేను అప్పుడు కప్పులు కడుగుతున్నాను.

ఆ ప్రోగ్రాం ఎక్కడ ఎప్పుడు దిగామో తనంతట తనే రాసిపెడుతుంది. ఆ పుట ఒకటుందని కూడా నాకు అంతవరకు తెలీదు. కొండల మధ్య రన్‌వే పేరు వెతికాను. నా ఎత్తులు వింటూ గుద్దుకున్నవన్నీ వరసగా ఉన్నాయి. వాటి మధ్యమధ్యలో, ఈ ఏడాదిలోనే, క్షేమంగా దిగినట్టు పదకొండు.

గోడమీద క్యాలెండరు తీసి ఒక్కో తేదీ సరిచూశాను. మంగళవారం. గురువారం. బుధవారం. మళ్లీ మంగళవారం. పదకొండూ చూశాను. ఒక్కటీ ఆదివారం కాదు.