ఎందరికి పనికొచ్చింది?

దేనికెంత ఖర్చయిందని అందరూ అడుగుతారు. మా సత్తార్ భాయ్ మాత్రం ఆ ఖర్చు ఎందరికి పనికొచ్చిందని అడిగేవాడు. జవాబు దొరికేదాకా ఆయన కాలు ఒక్కచోట నిలిచేది కాదు.

నారాయణఖేడ్‌లో ఓ చిన్న స్వచ్ఛంద సంస్థలో ఇద్దరం పనిచేసేవాళ్లం. ఓసారి ఆయనకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ గోలీలు రాసిచ్చాడు.

“గీ గోలీలు మింగిన పదిమందిల ఎందరికి తగ్గింది సార్?”

“తొమ్మిది మందికి.”

“తగ్గనోనికి ఏమాయె?”

“నీ లెక్కనే ప్రశ్నలడుక్కుంట గోలీ మింగుడు మరిచిండు.”

దావత్‌కు పోయినా అంతే. చేయి కడుక్కోగానే భోజనాల బంతుల మధ్య తిరుగుతూ ఎందరికి కడుపు నిండిందో విచారించేవాడు. ఆయన భార్య కాసింబీ తల పట్టుకునేది. “నా వంట గూడ ఎందరికి నచ్చిందని అడుగుతడు. ఇంట్ల ఉన్నదే ఇద్దరం.”

2007లో మా సంస్థకు నిధులు తగ్గాయి. రెండు పనుల్లో ఒకటి ఆపాలి. ఒకటి ఆడవాళ్లకు కుట్టుమిషన్లివ్వడం. రెండోది కంగ్టిలో ఆరునెలల హాస్టల్. చెరకు కొట్టడానికి వలసపోయేవాళ్ల పిల్లలు అందులో ఉండి బడికి పోయేవాళ్లు.

“మిషన్లకు మనిషికి నాలుగు వేలు. హాస్టల్‌కు ఒక్కో పిల్లగానికి ఆరు వేలు. హాస్టల్ బంద్ జేద్దాం,” అన్నాడు మా పెద్దసారు చంద్రప్ప.

“వారం ఆగుండ్రి సార్,” అంటూనే సత్తార్ భాయ్ గడప దాటాడు.

బస్సుల్లో, షేర్ ఆటోల్లో, అవి లేనిచోట నడిచి, మనూర్, కంగ్టి పల్లెలన్నీ తిరిగాడు. వారం తర్వాత తెగిన చెప్పులతో మీటింగుకు వచ్చి, నిలబడే చెప్పాడు.

“అరవై మిషన్లల్ల నడుస్తున్నవి ఎనిమిదే. కడమవాటి మీద బట్టలు ఆరేసిండ్రు. అంటే నడిచే మిషన్ ఒక్కోటి ముప్పై వేలు పడ్డది. హాస్టల్ల నలభై మంది ఉండిరి. ముప్పైరెండు మంది ఇంకా బడిలనే ఉన్నరు. ఒక్కొక్కరికి ఏడున్నర వేలే.”

“నీకెందుకింత పరేషాన్ సత్తార్?”

“ఆ పిల్లల అమ్మానాయిన చెరకు తోటలల్ల ఉన్నరు సార్. మీటింగుకు రాలేరు. వాళ్ల దిక్కెల్లి గీ లెక్కనే మాట్లాడాలె.”

చంద్రప్ప సారు ఆ అంకెలు తన కాగితం మీద రాసుకున్నాడు. హాస్టల్ బతికింది.

రిపోర్టు టైపు చేయడానికి సత్తార్ భాయ్ నోటుబుక్కు నా చేతికొచ్చింది. పిల్లల పేర్లు, వయసు, హాజరు, అన్నీ గళ్లు గీసి రాశాడు. సంతోషి పేరు పక్కన, “లెక్కలు బాగొస్తయి. గుడ్డు వెడితేనే పప్పు తింటది.” చివరి పేరు బీరప్ప. ఆ గళ్లన్నీ దాటి, అంచులో ఇరికించి రాసి ఉంది:

“ఎక్కాలు రావు. వీడు పాట పాడితే ఏడ్చే చిన్నపోరలు ఊకుంటరు. గిది ఏ గడిల రాయాలె?”