ఏది పోతే ఏడుస్తవు?

"వైరు కదిలియ్యకు చెల్లె!" అని హన్మకొండ రిపేరు షాపు అన్న నా హార్డ్ డిస్క్‌కు చెవి ఆనించాడు. ఏ డిస్క్ తెచ్చినా ముందు అట్లాగే వినేవాడు, డాక్టరులాగా. వైరు మార్చాడు, కంప్యూటర్ వెనక పోర్టుకు పెట్టాడు. అయినా కాపీకి పదకొండు గంటలు పడుతుందని స్క్రీన్ చూపిస్తోంది.

"లోపల టక్‌టక్ కొట్టుకుంటాంది. అన్ని రావు. ఏది పోతే ఏడుస్తవో అదొక్కటి చెప్పు."

అక్క పెళ్లి ఫొటోలా, నా సర్టిఫికెట్లా?

"జల్ది చెప్పు, ఆగిపోతది!"

"మా అమ్మ సర్వపిండి చేసుకుంట నన్ను తిట్టిన వీడియో అన్నా. అమ్మ లేదిప్పుడు."

అది వచ్చేదాకా ఆయన చెవి తీయలేదు. తర్వాత డిస్క్ ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ వీడియో అక్కకు, చిన్నమ్మకు, ఏడాదిగా నాతో మాటల్లేని వదినకు కూడా పంపాను.