యూకీ ఎందుకు నవ్విందో

లాప్‌టాప్‌లో వీడియో కాల్ మోగితే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. రోజంతా కాల్స్ మాట్లాడే ఉద్యోగమే నాది. అయినా ఆ చప్పుడు నన్ను యూనివర్సిటీ ఇంగ్లీషు ల్యాబ్‌లోకి, షాహీన్ మేడమ్ ముందుకు లాక్కెళుతుంది. ఆమెది ఇల్లందులో బట్టల వ్యాపారుల కుటుంబం. నాది టేకులపల్లి అడవిలో ఒక చిన్న కోయ పల్లె. ఇంట్లో కోయ మాట, బళ్లో తెలుగు. ఇంగ్లీషు మాట్లాడాలంటే నాలుక మొద్దుబారిపోయేది.

ఆ ఏడు మేడమ్ మాకు జపాన్ విద్యార్థులతో వారం వారం వీడియో కాల్‌లో ఇంగ్లీషులో మాట్లాడే ఏర్పాటు చేశారు. నాకు జత యూకీ అనే అమ్మాయి. మీ ఇంట్లో ఏం తింటారని అడిగింది. ఇప్పపువ్వు ఎండబెట్టి, ఉడికించుకుని తింటామని తడబడుతూ చెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కాల్ కట్ చేశాను. ఆ తర్వాత అన్నం సయించలేదు. క్లాసులో ఎవరు గుసగుసలాడినా నా గురించేననిపించేది. చివరికి చదువు మానేస్తానని చెప్పడానికి మేడమ్ దగ్గరికి వెళ్లాను.

“ఏం చూసినవ్?” అన్నారామె.

“నన్ను ఎక్కిరించింది మేడమ్.”

“అది నువ్వు అనుకున్నది. కండ్లతోని ఏం చూసినవ్?”

“నవ్వింది. నోటికి చెయ్యి పెట్టుకుంది.”

“గంతే కదా. మిగిలింది ఎక్కడికెల్లి వచ్చింది?”

హాస్టల్లో మొదటిరోజు నా యాసకు నవ్వినవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. ఆ సంగతి చెప్పబోతే ఏడుపొచ్చింది. మేడమ్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

“నా పేరు వినంగనే శానామంది హిందీల మాట్లాడ్తరు. పరాయిదాన్ని చేస్తున్నరని మండేది. ఒకామెను అడిగిన. మర్యాదకు మాట్లాడిందట. అందరు గట్ల కాదు నాగమణీ, కొందరు నిజంగనే ఎక్కిరిస్తరు. అడగకుంట ఎట్ల తెలుస్తది?”

తర్వాతి వారం కాల్‌లో ఆ రోజు ఎందుకు నవ్వావని యూకీని అడిగేశాను. ఆమె ముఖం పాలిపోయింది. నా మాట అర్థం కాలేదట. మళ్లీ చెప్పమనడానికి మొహమాటపడి నవ్విందట. ఏం తప్పు చేశానోనని తనూ వారమంతా కుమిలిపోయిందట. ఈసారి ఇప్పపువ్వు గురించి నెమ్మదిగా చెప్పాను. దాని వాసన ఎలా ఉంటుందని అడిగింది.

నా బెరుకు పోయిందని చెప్పలేను. మొన్న ఇల్లందు బస్టాండులో మేడమ్ కనిపిస్తే చెయ్యి ఊపాను. నావైపు చూసి కూడా పలకకుండా వెళ్లిపోయారు. ఏం కోపం తెప్పించానోనని మనసు పీకింది. మర్నాడు వాళ్లింటికే వెళ్లి అడిగాను.

“నిన్ను చూస్తే పలకనా బిడ్డా? కంట్ల పొర వచ్చింది, దూరం ఆనుతలేదు” అన్నారు. కూర్చోమని చెయ్యి పట్టుకుని, “వచ్చి అడిగినవ్, మంచిగ చేసినవ్” అన్నారు.