కందీలు గాజు మీద సున్నపు బొట్టు

తాండూరు అవతల బాల్‌రాజ్ పటేల్ సున్నపు బట్టీలో మొగులప్ప చేసే పని చూస్తే కొత్తవాళ్ళకు నవ్వొచ్చేది. పట్టపగలు కందీలు దీపం పట్టుకుని తిరగడం కూడా ఒక పనేనా?

కానీ ఆ కందీలు లేనిదే బట్టీ కింది గుంతలోకి ఎవరూ దిగేవారు కాదు. కాలిన సున్నం లాగేది అక్కడి నుంచే. అడుగున చెడుగాలి చేరితే దిగిన మనిషి అరవకుండానే కూలిపోతాడు. అందుకని మొగులప్ప పొద్దున్నే బట్టీ పొగ సోకని తుమ్మచెట్టు కిందికి పోయి కందీలు ముట్టించేవాడు. గాజు మీద సున్నంతో ఒక బొట్టు పెట్టి ఉండేది. మంట కొస దానికి అందేలా వత్తి సరిచేసి, తాడుతో గుంతలోకి వదిలేవాడు. మంట బొట్టు కంటే కిందికి కుంగితే ఆ పూట పని బందు.

పని బందైతే పటేల్‌కు ఒళ్ళు మండేది. దీపం వంకతో పని ఎగ్గొడుతున్నారని ఆయన అనుమానం. కూలీలకేమో దీపం మీదే అనుమానం. రెండూ తీరేలా పటేల్ ఒక పద్ధతి పెట్టాడు. ఎంత గొప్ప బుర్రో!

"నీ దీపం నిజమైతే నీ పెండ్లామే ముందుగాల దిగుతది."

అప్పటినుంచి రోజూ మొదట భాగమ్మ దిగేది. నడుముకు తాడు కట్టుకుంటూ, "ఏమయ్యా, ఇయ్యాల దిగాల్నా, ఇంటికి పోవాల్నా?" అని మొగుణ్ణి ఆటపట్టించేది. ఆయన నవ్వేవాడు కాదు.

తెలంగాణ ఆంధ్రలో కలిసిన ఏడాది వానకాలంలో ముసురు పట్టింది. చినుకు పడితే వేడి గాజు పగులుతుందని మొగులప్ప తుమ్మచెట్టు వైపు పోలేక నిలబడ్డాడు. పటేల్ కేకేశాడు.

"గంత దూరం ఎందుకురా? గీడ గాలి లేదా?"

మొగులప్ప గుంత పక్కనే రేకు కింద దీపం ముట్టించాడు. పొగ అక్కడే కమ్ముకుని ఉంది. మంట పొట్టిగా వెలిగింది. నూనెలో తడి చేరిందేమో అనుకుని, కొస బొట్టును అందేదాకా వత్తి ఎగదోశాడు. చెడుగాలిలోనే దీపాన్ని సరిచేస్తున్నానని ఆ మనిషికి తట్టలేదు. గుంతలోకి వదిలితే మంట బొట్టు దగ్గరే నిలిచింది.

"దిగవే" అన్నాడు.

కాసేపటికి తాడు కదలడం ఆగిపోయింది. పైకి లాగేసరికి భాగమ్మలో ప్రాణం లేదు. ఆమె పక్కన వేలాడిన కందీలు మాత్రం వెలుగుతూనే పైకొచ్చింది.

పటేల్ దాన్ని ఎత్తి అందరికీ చూపించాడు. "సూడుండ్రి, దీపం ఆరలే. గాలి మంచిగనే ఉన్నది. గీమెకు గుండె ఆగింది. ఏం మొగులప్పా?"

ఔనంటే తప్పు తనది కాదు. పెళ్ళాన్ని చంపినవాడన్న మాట పడనక్కర్లేదు. తలూపబోయాడు కూడా.

"అయితే ఇగ దిగుండ్రి అందరు" అన్నాడు పటేల్.

కూలీల్లో ముందున్న నాగవ్వ గంప ఎత్తుకుంది. మొగులప్ప ఆమె కొంగు పట్టి ఆపాడు.

"వద్దు. దీపం తప్పు పెట్టిన. నేనే సంపిన."

ఆ పూట ఎవరూ దిగలేదు. మర్నాడు పటేల్ కందీలును మరొకరి చేతికిచ్చాడు. ముందుగా దిగే మనిషి లేని లోటు కూడా ఆయనే తీర్చాడు.

"ఇగ నువ్వే దిగు."

పటేల్ మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. మొగులప్ప మాత్రం భాగమ్మ తాడే నడుముకు కట్టుకున్నాడు. బట్టీ మూతపడేదాకా రోజూ మొదట ఆయనే దిగాడు. మంట ఎక్కడుందో ఒక్కనాడూ చూడలేదు.