పట్టుపురుగు ఎర

బెంగళూరు హూడిలో ఉండే మా మనవడు నిన్న ఒక డబ్బా తెచ్చి నా ముందు తెరిచాడు. అందులో గులాబీ రంగువి, పచ్చవి, తళుకులు అద్దినవి రబ్బరు పురుగులు. చలికాలం మొదట్లో చేపలకు ఏ రంగు ఎర వేయాలో మూత మీదే రాసి ఉందట. ఒకటి తీసి వాసన చూశాను, ఏమీ లేదు. వాడి సంబరం పాడుచేయడం ఎందుకని బాగున్నాయన్నాను గాని, ఎర అంటే చాలు, నాకు మా మేనత్త గుర్తొస్తుంది. ఆమె వెంటే మా నాన్న మీద కోపమూ వస్తుంది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మాది బెంగళూరు పేటలో మగ్గాల ఇల్లు. పట్టంతా పారాచూట్లకు పోతోందని మాకు దారం దొరకడం ఆగిపోయింది. నాన్న మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, దారం లేని మగ్గాన్నే తుడుస్తూ కూర్చునేవాడు. పిల్లలు పుట్టలేదని మొగుడు వెళ్లగొట్టి ఇంకొకామెను తెచ్చుకున్నాక, అత్త మా ఇంటికి వచ్చేసింది. బరువైందని ఎవరూ నోటితో అనలేదు, ఆమె కంచంలో సంకటి ముద్ద మాత్రం రోజురోజుకీ చిన్నదయ్యేది. ఆ ముద్ద చూసుకునే కాబోలు, ఒకనాడు వెదురు కర్ర, గాలం పట్టుకుని పేట బయటి చెరువుకు బయలుదేరింది. చందాపుర వైపు అత్తగారింట్లో నేర్చుకున్న విద్య అది. ఆ కాపురంలో ఆమెకు దక్కింది అదొక్కటే.

ఎర ఎంచడంలో ఆమెను మించినవాళ్లను నేను చూడలేదు. వానల్లో వానపాము చాలు, ఏ చేపైనా ఎగబడి మింగుతుంది. చలి మొదలైతే చిన్న చేపలు బద్ధకిస్తాయి, ఎరను చప్పరించి వదిలేస్తాయి. అందుకని పక్కింట్లో పారాచూట్ల పట్టు కోసం గూళ్లు ఉడికించి దారం తీశాక మిగిలే పురుగులను అడిగి తెచ్చేది. వాటిని చిదిమి, సంకటిలో కలిపి, కందిగింజంత ఉండలు చేసేది. ఆ కంపుకు మా ఇంటికి చుట్టాలు రావడం తగ్గింది. కరువు రోజుల్లో అదీ ఒక ఉపకారమే అనేది అమ్మ. అందరి గాలాలూ ఖాళీగా లేచే చలిలో అత్త బుట్టెడు పరిగె చేపలు తెచ్చేది. ఆమె ముద్ద మళ్లీ పెద్దదైంది.

ఒక పొద్దున నాన్న ఎన్నడూ లేనంత మెత్తగా అన్నాడు. "ఏమ్మా, దినామూ చలిలో గట్టు మీద కూర్చునేదేమి నువ్వు? ఆ ఎర సంగతి నాకు చెప్పు, నేను పోతా. నువ్వు ఇంట్లో వెచ్చగా ఉండు."

వంటింట్లో అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "చెప్పొద్దు వదినా. అదొక్కటే నీ చేతిలో ఉండాది."

"అన్న అడిగినాడు కదా," అంది అత్త. "ఇన్నేండ్లలో నన్ను ఏదీ అడిగినోడు కాదు."

పక్కన కూర్చుని ఉండ చేయడం నేర్పింది. నీటి మీద తేలే బెండు ఊగినప్పుడు కాదు, ఊగడం ఆగినప్పుడు కర్ర లేపాలని నేర్పింది. మొదట్లో నాన్న పట్టింపుకు పోయి పురుగును మొత్తంగా గుచ్చేవాడు, ఉత్త చేతులతో వచ్చేవాడు. అత్త విసుక్కోకుండా మళ్లీ చెప్పేది. చలికాలం పూర్తి కాకముందే నాన్న బుట్ట నిండింది. ఆ వెంటనే నాన్న చందాపురకు కబురు పంపాడు, చాకిరీకి మనిషి దొరుకుతుందని వాళ్లు బండి పంపారు. "ఎవరింట్లో వాళ్లుంటేనే మర్యాద," అన్నాడు నాన్న. సవతి ఉన్న ఇంటికి అత్త మూట పట్టుకుని బండెక్కింది. అమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. నాన్న మటుకు ఎప్పటిలాగే చెరువుకు పోయాడు.

తర్వాత అత్తను చూసింది నా పెళ్లిలోనే. బక్కచిక్కిపోయింది. నాన్న చుట్టాల మధ్య కూర్చుని, చలిలో చేప ఎర ఎలా అందుకుంటుందో వివరిస్తున్నాడు. అన్నీ అత్త మాటలే, అత్త పేరు మాత్రం లేదు. ఆమె గోడవారగా నిలబడి అంతా విని, నా చెవిలో మెల్లగా, "బాగా నేర్చుకున్నాడు మీ నాయన," అంది. గర్వంగానే అంది. కాలం అన్నింటినీ మాన్పుతుందంటారు. నా వరకు అది అత్తను తీసుకుపోయింది, నాన్ననూ తీసుకుపోయింది, కోపాన్ని మాత్రం నా దగ్గరే వదిలిపోయింది.