చప్పుడు చెయ్యని ల్యాప్‌టాప్

2010లో గోదావరిఖనిలోని ఒక కంప్యూటర్ షాపులో సేల్స్ చూసేవాణ్ని. సేల్స్ అంటే టై కట్టుకొని నవ్వడం అనుకునేరు. పొద్దున బల్లల మీది బొగ్గు దుమ్ము తుడవడం, మధ్యాహ్నం మళ్లీ తుడవడం, మధ్యలో దొరికిన టైములో అమ్మడం.

ఇంజనీరింగ్ కాలేజీలు తెరిచే రోజులు మాకు సీజను. వచ్చిన ప్రతి తండ్రీ "మంచిది చూపియ్" అనేవాడు. చెడ్డది చూపించమని అడిగినవాణ్ని ఇంతవరకు చూడలేదు. నేను రెండే ప్రశ్నలు వేసేవాణ్ని: ఏ బ్రాంచి, ఎంతలో.

ఒక ఉదయం షట్టరు ఎత్తుతుండగానే దావీదు కాక, ఆయన కూతురు రూతు వచ్చారు. కాక గనిలో నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. గని దగ్గరే స్నానం చేసినా కళ్ల అంచుల్లో బొగ్గు మిగిలే ఉంది. "మీరు చూస్తుండుండ్రి" అని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, వెంటనే నిద్రపోయాడు. షాపులో డెమో పాటలు, పైన ఫ్యాను, బయట ఆటోల హారన్లు. ఆయనకేమీ పట్టలేదు.

రూతుది కంప్యూటర్ సైన్స్, రెండో సంవత్సరం. నేను అలవాటుగా మొదలుపెట్టాను.

"చెల్లె, ముందు స్పీకర్లు విను."

"అన్నా, సౌండు మొత్తం బంద్ చెయ్యొచ్చా?"

"పాట నచ్చలేదా? పాడింది నేను కాదు."

నవ్వలేదు. కీబోర్డు దగ్గర చెవి పెట్టి, ఒక్కొక్క మీట నొక్కి వింది. దవాఖానలో డాక్టరు కూడా అంత శ్రద్ధగా వినగా నేను చూడలేదు. తరువాత ల్యాప్‌టాప్ పక్కనున్న సందులో చెవి పెట్టింది. అక్కడ కూలింగ్ ఫ్యాను ఉంటుంది. లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ వేడెక్కితే దాన్ని చల్లార్చేది అదే. ప్రాసెసర్ ఎంత గట్టిదైతే ఫ్యాను అంతగా మోగుతుంది. వరుసగా మూడు మోడళ్లు వద్దంది.

"నీకు ల్యాప్‌టాప్ కావాల్నా, దిండు కావాల్నా?"

"నాయిన పొద్దంతా పండుకుంటడు అన్నా. మాయి రెండే అర్రలు."

మెల్లగా చెప్పింది. వాళ్లమ్మ కిందటేడు పోయింది. అప్పట్నుంచి కాక అడిగి మరీ నైట్ షిఫ్టే వేయించుకుంటున్నాడు. రాత్రుళ్లు రూతు పక్క క్వార్టర్లో మేనత్త దగ్గర పడుకుంటుంది. కాలేజీ నుంచి వచ్చేసరికి ఆయన నిద్రలో ఉంటాడు. ఆయన లేచేవరకు ఆమె గిన్నె కడగదు, కుక్కర్ పెట్టదు, తలుపు మడతబందులకు నూనె వేసి ఉంచింది. ఇంట్లో ప్రోగ్రాములు రాసే వీలు లేక ఒక సబ్జెక్టు పోయింది. ఇంకోటి పోయేలా ఉంది.

"నిద్ర సాలకుంటే గని లోపల పొరపాటైతది అన్నా. సబ్జెక్టు పోతే మళ్ల రాసుకుంట."

 

లోపలి నుంచి ఒక చిన్న మోడల్ తెచ్చాను. చప్పుడు లేదు, బలమూ లేదు.

"ఇందులో నువ్వు ప్రోగ్రాం నడిపినవనుకో, జవాబు వచ్చేసరికి నీ డిగ్రీ అయిపోతది."

"గదే ఇయ్యి. ఒక్కసారి అన్నీ ఆపన్నా, వింట."

పాటలు ఆపాను. ఫ్యాను ఆపాను. షట్టరు కిందికి దించాను. షాపు నిశ్శబ్దమైంది.

కాక ఉలిక్కిపడి లేచాడు. "ఏమైంది?" చెయ్యి తలమీది దీపం కోసం వెతుక్కుంది. గనిలో ఎప్పుడూ ఏదో ఒక యంత్రం మోగుతూనే ఉంటుంది. ఒక్కసారిగా అన్నీ ఆగాయంటే ఎక్కడో ఏదో జరిగిందని అర్థం.

"ఏం కాలె నాయినా. చప్పుడు ఆపినం, గంతే."

"ఎందుకాపిన్రు?"

"నీ నిద్ర చెడగొట్టని మిషన్ చూస్తున్న."

ఆయన ముఖం రుద్దుకున్నాడు. "ఇంట్ల గూడ నాకు గిదే బాధ బిడ్డా. చప్పుడే ఉండది. నువ్వు ఉన్నవో పోయినవో తెల్వది. లేచి లేచి తొంగి చూస్త."

"నా వల్లనే లేస్తున్నవనుకున్న. ఇంకా మెల్లగ నడుస్తున్న."

"గోడ అవతల మనిషి ఉన్నట్టు వినవడాలె. గప్పుడు నిద్రొస్తది."

ఆ తరువాత ఇద్దరూ గోడ మీది ధరల పట్టికను చాలాసేపు చదివారు. అందులో అంత చదవాల్సింది ఏమీ లేదు. నేను షట్టరు ఎత్తాను.

వద్దన్న మూడింటిలో అన్నిటికన్నా గట్టి ప్రాసెసర్ ఉన్నదాన్ని మళ్లీ బల్ల మీద పెట్టాను. "కాకా, ఇది పిండి గిర్ని లెక్క మోగుతది."

"మోగనియ్. ఆన్ చెయ్."

రూతు ఏదో టైపు చేసింది. కాక కళ్లు మూసుకుని విన్నాడు. "గిది మంచిగున్నది" అన్నాడు. ర్యామ్ ఎంత అని అడగకుండా ల్యాప్‌టాప్ కొన్న మొదటి కస్టమరు ఆయనే. రూతు చదువుకు కూడా సరైనది అదే.

అప్పటి నుంచి నేను మూడో ప్రశ్న వేస్తున్నాను: దీన్ని తెరిచే టైముకు ఇంట్లో ఇంకా ఎవరుంటారు? ఇందుకు ఏ కంపెనీ ట్రైనింగూ ఇవ్వలేదు, కానీ ఏ మిషన్ కావాలో చాలావరకు అక్కడే తేలిపోతుంది. కొందరు నవ్వుతారు. కొందరు "ఎవ్వరుండరు" అంటారు. వాళ్లకు ప్రాసెసర్ గురించి తక్కువ చెప్పి, స్పీకర్లు కొంచెం ఎక్కువసేపు వినిపిస్తాను.

నేనొక్కణ్నే ఉండే కిరాయి అర్రలో ఉన్న ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది. ఫ్యాను ఘోరంగా మోగుతుంది. విప్పి సరిచెయ్యడం నాకు వచ్చు. చెయ్యలేదు.