మరదలు పెట్టిన మాటలు

ఆడపడుచు నోట మరదలి గొప్ప రావడం అరుదు. నాకూ ఆ అలవాటు లేదు. కానీ మా తమ్ముడి భార్య సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

నేను ఆసుపత్రి స్కానింగ్ గదిలో పనిచేస్తాను. ఫైళ్ళన్నీ కలిపి ఒకే మూటగా కట్టే ప్రోగ్రాం ఒకటుంది మాకు. దాన్ని రాసిన కంపెనీలోనే మరదలి ఉద్యోగం. పాత పద్ధతిలో రెండక్షరాలు కొట్టి, ముందు మూట పేరు, తర్వాత ఫైళ్ళ పేర్లు ఇవ్వాలి. మూట పేరు మరిచిపోయామా, మొదటి ఫైలునే మూట అనుకుని దాని మీదే రాసేస్తుంది. ఇక ఆ స్కాన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

మరదలు ఆ అక్షరాల బదులు మాటలు పెట్టింది: "కట్టు", "ఏవి", "ఎందులో". భోజనం దగ్గర కూడా అదే గోల.

"'ఎందులో' అంటే తెలుస్తుందా వదినా, 'మూట పేరు' అననా?"

"ముందు ఆ ముద్ద మింగు తల్లీ," అనేదాన్ని.

మా పెద్ద టెక్నీషియన్‌ని మెరుపు బాబాయ్ అంటాం. కీబోర్డు మీద ఆయన వేళ్ళు కనపడవు. ఆయన సరేనంటేనే కొత్తది ఉంటుంది. లేకపోతే మరదలి కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

పరీక్షించే రోజు మరదలు మా గదికొస్తే, ఆయన మొహం ముడుచుకునే కూర్చున్నాడు. "రెండక్షరాలతో పోయేదానికి ఇంత కథ దేనికమ్మాయ్?"

"అలిసిపోయిన రోజు కూడా తప్పు జరగకూడదు సార్."

"నాకు తప్పులు జరగవులే." ఉత్తుత్తి ఫైళ్ళు వద్దని, ప్రమాదంలో దెబ్బతిన్న ఒక డ్రైవరు తల స్కాన్లనే బయటికి తీశాడు. ఆపరేషన్‌కి ముందు చూడాలని వేరే ఆసుపత్రి డాక్టరు అడిగినవి అవి. మొదటిది ప్రమాదానికి ముందు తీసింది. కాపీ లేదు, మళ్ళీ తీయడానికీ కుదరదు.

"కట్టు" అని కొట్టి, ఫైళ్ళ పేర్లు చకచకా దించి, ఎంటర్ నొక్కాడు. మూట పేరు ఇవ్వలేదు.

తెర మీద రెండు వాక్యాలు వచ్చాయి: "ఎందులో కట్టాలో చెప్పలేదు. ఏ ఫైలూ ముట్టుకోలేదు."

బాబాయ్ గబుక్కున మొదటి ఫైలు తెరిచాడు. నిక్షేపంగా ఉంది. అప్పుడు మాటలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ కొట్టి, మూట కట్టి పంపించాడు.

"పాతది ఇవాళే తీసెయ్ అమ్మా," అన్నాడు చివరికి. "మళ్ళీ నా చేతికి అందనివ్వకు."

ఆ అమ్మాయి ఎవరని అక్కడ ఎవరూ అడగలేదు. అయినా "మా మరదలు" అని గదంతా వినపడేలా చెప్పాను.